వీధివైపు కిటికీ

తుర్రుపిట్ట గది తలుపు తోసి, గడప మీదే కొయ్యబారిపోయింది.

వీధివైపు కిటికీ లేదు! దాని చోట కొత్త ఇటుకలు, తడి సిమెంటు. ఊచలతో సహా చట్రాన్ని పీకి వరండాలో పెట్టేశారు. పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనిపించని వెనక కిటికీ మాత్రం నిక్షేపంగా ఉంది.

ఒక్కచోట కాలు నిలవదని ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరు తుర్రుపిట్ట. ఇప్పుడు మాత్రం అడుగు ముందుకు పడలేదు.

ఈ గదిని అక్క కోసమే బాగుచేయిస్తున్నారు. అక్క కాలు విరిగి ఇంట్లోనే ఉంటోంది. ట్యూషన్ నుంచి వెళ్తూ స్నేహితురాళ్లు ఆ కిటికీ దగ్గర ఆగి కబుర్లు చెబుతారు. రోజంతా ముడుచుకున్న అక్క మొహం అప్పుడే విచ్చుకుంటుంది.

పొద్దున ఆఫీసుకు వెళ్తూ నాన్న మరీ మరీ చెప్పాడు. "వెనక కిటికీ మూసి, అక్కడ అల్మరా పెట్టించాలి. మేస్త్రిగారు అడిగితే దగ్గరికెళ్లి చూపించు. తెలియకపోతే నాకు ఫోన్ చెయ్యి."

మేస్త్రి అడిగాడు కూడా. "పాపా, మూసేది ఈ కిటికీయేనా? ఒక్కసారి వచ్చి చూడమ్మా!"

తుర్రుపిట్ట అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది. "ఆఁ, అదే! మూసేయండి!" అని గుమ్మంలోంచే అరిచి, ఆటకు తుర్రుమంది.

వెనక నుంచి చంకకర్రల చప్పుడు. అక్క వచ్చి గోడ చూసింది.

అంతలో బయటి నుంచి ఎవరో గోడ మీద తట్టారు. "ఒసేయ్! కిటికీ ఏమైందే?"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. తుర్రుపిట్టకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడే నాన్న వచ్చాడు. గది చూసి ఆయనకూ మతిపోయింది.

"ఇదేంటండీ మేస్త్రిగారూ! ఎవరు మూయమన్నారు?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. తుర్రుపిట్ట వైపు చూశాడు.

"నేనే నాన్నా," అంది తుర్రుపిట్ట వెక్కుతూ. "ఏ కిటికీయో చూడకుండానే మూసేయమన్నాను."

నాన్న గోడ దగ్గరికెళ్లి ఇటుకలు తడిమి చూశాడు.

"నాదీ తప్పుందండీ," అన్నాడు మేస్త్రి. "అనుమానం వచ్చినప్పుడు మీకో ఫోన్ కొట్టాల్సింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడే తీసేద్దాం."

ఒక్కో ఇటుకా ఊడొచ్చింది. తుర్రుపిట్ట వాటిని మోసి వరండాలో పేర్చింది. చేతులు మండినా ఆగలేదు. మధ్యలో ఒక ఇటుక తీయగానే ఆ సందులోంచి స్నేహితురాలి కన్ను కనిపించింది. అక్క కళ్లు తుడుచుకుని ఫక్కున నవ్వేసింది.

మర్నాడు వీధివైపు కిటికీ చట్రాన్ని మళ్లీ బిగించి, వెనక కిటికీ మూసేశారు. అల్మరా బిగించే పని మొదలైంది. వీధిలోంచి పిల్లలు తుర్రుపిట్టను ఆటకు కేకేశారు.

"పాపా, అల్మరా తలుపు ఇటు తెరుచుకోవాలా, అటా?" గదిలోంచి అడిగాడు మేస్త్రి.

తుర్రుపిట్ట చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తింది. అక్క మంచం వేసే చోట చతికిలబడి, అల్మరా వైపు చెయ్యి చాపి చూసింది. ఇటు, అటు. ఎటూ తేల్చుకోలేకపోయింది.

"ఆగండి మేస్త్రిగారూ," అంది లేస్తూ. "అక్కనే తీసుకొస్తా."