పొట్టేలు కైమా

పాలు పితికే వేళ వెంకటప్పయ్య పాకలో ఆ చివరి గుంజ వైపు చూడకుండా నడిచాడు. కిందటి వారం ఆ గుంజకు కట్టిన చూడిగేదె తెల్లవారేసరికి కాళ్ళు చాచి పడి ఉంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు. పాము కుట్టిందన్నాడు వెంకటప్పయ్య. ఆయన అన్నాడు కాబట్టి ఇంటిల్లిపాదీ అదే అన్నారు. గేదెను పాతిపెట్టించి, అదే గుంజకు పొట్టేలును తెచ్చి కట్టాడు.

దివిసీమ ఉప్పెన వెళ్ళిన మరుసటి వేసవి అది. తిరువూరు ఊరి చివర గేదెల పాక, దాని పక్కనే పెంకుటిల్లు. భార్య రావమ్మ పోయాక ఆయన నోటికి అడ్డం వచ్చేవాళ్ళు లేకపోయారు. కొడుకు జగన్నాథరావు తవుడూ చెక్కా కొనడానికి బెజవాడ వెళ్ళాడు. ఇంట్లో కోడలు శివపార్వతి, నాయనమ్మ పేరు పెట్టుకున్న చిన్న రావమ్మ.

"పెద్దయ్యగారూ, పొట్టేలు మేత ముట్టలేదండి. నిలబడ్డచోటే వణుకుతోంది" అన్నాడు పాలేరు ఏసోబు.

"అయితే పక్కన కూచుని ఏడవమంటావా? ఊపిరుండగానే కోసెయ్. చచ్చాక మట్టిలో పెట్టడానికా ఇన్నాళ్ళు మేపింది?"

పాల తపేలా పట్టుకుని వచ్చిన శివపార్వతి ఆగింది. "మావయ్యగారూ, అది కూడా ఆ గుంజ దగ్గరే కదా... పశువుల డాక్టరుగారికి ఒకసారి చూపిస్తే..."

"చూపిస్తే? పొట్టేలు పాతిపెట్టమంటాడు. నువ్వేమో మీ తమ్ముడి పిండిముక్కలు వండి పెడతావు. అంతేగా?"

శివపార్వతి మాట సగంలోనే ఆగిపోయింది.

బాపట్లలో చదువుకుంటున్న ఆమె తమ్ముడు పండక్కి వచ్చినప్పుడు ఒక పొట్లం తెచ్చాడు. సోయాచిక్కుడు గింజల నూనె తీశాక మిగిలిన పిండితో చేసిన ముక్కలట. నానబెట్టి మసాలాతో వండితే మాంసంలా ఉంటాయట. వెంకటప్పయ్య ఒక ముక్క వేళ్ళమధ్య నలిపి చూసి నవ్వాడు. "గేదెలకు చెక్క పెట్టేది నేను. నాకే చెక్క పెడతావేమయ్యా?" అన్నాడు. పనసకాయ కూర తినరా మావయ్యగారూ అని ఆ రోజు కోడలు నవ్వుతూ అడిగింది. "పనసకాయ నేను పనసకాయననే చెబుతుంది. ఇది మాంసం వేషం కట్టిన చెక్క. తింటే మాంసం తినాలి, లేకపోతే పప్పు తినాలి. నా కంచంలో అబద్ధం వడ్డించావంటే ఊరుకోను" అన్నాడు. ఆ పొట్లం విప్పింది విప్పినట్టే అటక మీదికి పోయింది.

ఏసోబు పొట్టేలును కోశాడు. ముందురోజు కంప నరికిన చేతులు, నిండా గీతలే. "నెత్తురు గడ్డకట్టడం లేదండి. తారులాగుంది" అన్నాడు.

"ఎండలు మండుతున్నాయి. గడ్డ ఎట్లా కడుతుంది?" అన్నాడు వెంకటప్పయ్య. మాంసం రెండు పోగులు వేయించాడు. పెద్దది ఇంటికి, చిన్నది ఏసోబుకు. ఏసోబు దండం పెట్టి ఆకులో చుట్టుకుని వెళ్ళాడు.

పై పళ్ళు ఊడినప్పటి నుంచి వెంకటప్పయ్యకు మాంసం కైమా కొట్టి వండాల్సిందే. మధ్యాహ్నం ఆయన వేడివేడి కైమా అన్నంలో కలిపి, మనవరాలిని పక్కన కూచోబెట్టుకున్నాడు. "నోరు తెరు రావమ్మా" అని తన కంచంలోంచే ముద్దలు పెట్టాడు. శివపార్వతి గుమ్మం పట్టుకుని కదలకుండా చూస్తోంది.

"ఏంటట్లా చూస్తావు? దిష్టి తగుల్తుంది."

"ఏం లేదండి."

"ఇదీ మాంసమంటే! మీ తమ్ముడికి ఉత్తరం రాయి."

రెండు రోజులు గడిచాయి. మూడోనాటి పొద్దున ఏసోబు పనిలోకి రాలేదు. తిట్టుకుంటూ పాకలోకి వెళ్ళిన వెంకటప్పయ్య చేతిలో చెంబు జారిపోయింది. మరో గేదె పడి ఉంది. కాళ్ళు అట్లాగే చాచి, ముక్కులోంచి అదే నల్లటి నెత్తురు. ఆయన మిగిలిన గేదెల చెవులు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ఏది వేడో ఏది చల్లనో తెలియలేదు. తన చేతులే చల్లబడ్డాయి.

డాక్టరును ఆయనే వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు దూరం నుంచే చూసి, "దగ్గరికి పోకండి. కోయొద్దు, తోలు తీయొద్దు. లోతుగా గొయ్యి తవ్వి సున్నం పోసి పూడ్చండి. ఇది దొమ్మరోగంలా ఉంది. ఇంతకుముందు ఏమన్నా చచ్చాయా?" అని అడిగాడు.

"ఒక గేదె. పాము కుట్టింది."

"ఇంకా?"

"పొట్టేలు ఒకటి నలతపడింది. చావలేదు. కోసుకు తిన్నాం."

సంచీలోకి వెళ్ళిన డాక్టరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. "కోసిందెవరు? తిన్నదెవరు? అందరినీ ఇప్పుడే ఆసుపత్రికి పంపించండి. ఇది మనుషులకూ అంటుకుంటుంది."

అప్పుడే ఏసోబు భార్య జోజమ్మ పరుగున వచ్చింది. "అయ్యగారూ! మా ఆయన చెయ్యి మోచేతి దాకా వాచిందండి. మధ్యలో బొగ్గులాగా నల్లటి పుండు. నొప్పి లేదంటాడు, ఒళ్ళు మాత్రం కాలిపోతోందండి!"

వెంకటప్పయ్య ఆమెను అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు. చాప మీద చిన్న రావమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. నుదురు తాకాడు. వెచ్చగా ఉంది. చేతులు తిప్పి చూశాడు, వేళ్ళ సందులు చూశాడు, నోరు తెరిపించి చూశాడు. ఆ నోట్లోకి వెళ్ళిన ప్రతి ముద్దా తన చేతిదే.

"ఎప్పటి నుంచే దీనికి జ్వరం?"

"రాత్రి నుంచండి. మామిడికాయలు తిని ఎండలో ఆడింది" అంది శివపార్వతి.

"మామిడికాయలా? రోగం మాంసం వండి, మామిడికాయలంటావా? నీకు ఆ పొద్దునే అనుమానం వచ్చింది. వచ్చి కూడా వండావు. గుమ్మంలో నిలబడి చూస్తూ, పసిదానికి నా చేత్తో విషం పెట్టించావు!"

ఆయన చెయ్యి ఎత్తాడు. శివపార్వతి వెనక్కి తగ్గలేదు.

"అది పొట్టేలు కాదండి."

"ఏంటి?"

"మీరు తిన్నది పొట్టేలు కాదు. మన పోగు దొడ్లో గొయ్యి తీసి, సున్నం పోసి కప్పెట్టాను. అటక మీద పొట్లం దించి, ఆ ముక్కలు నానబెట్టి, నీళ్ళు పిండేసి, రోట్లో దంచి వండాను. మీ కంచంలో అబద్ధమే వడ్డించాను. కొడితే కొట్టండి."

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. వెంకటప్పయ్య మనవరాలి పక్కన కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేశాడు. పసిదాని కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాడు.

వాకిట్లో జోజమ్మ ఏడుపు వినిపించింది. ఆయన తల ఎత్తాడు.

"మరి ఏసోబుకి?"

శివపార్వతి వాకిలి వైపు చూసింది.

"గొయ్యి తీసేంత అనుమానముంది నీకు. వాడికెందుకు చెప్పలేదు?"

"చెబితే వాడొచ్చి మిమ్మల్ని అడుగుతాడు. అప్పుడు నా పని ఏమవుతుందో మీకు తెలుసు. ఆ పొద్దున మీతో చెప్పబోయాను కదండీ. సగం కూడా విన్నారా?" ఆమె కూతురి వైపు తిరిగింది. "నా బిడ్డ కంచం దాకే నాకు ధైర్యం చాలింది, మావయ్యగారూ."

ఆయన లేచి వెళ్ళి బండి కట్టాడు. ఏసోబును బండిలో పడుకోబెట్టి, మనవరాలినీ ఏసోబు పిల్లలనూ ఎక్కించి ఆసుపత్రికి తోలాడు.

అందరికీ ఇంజెక్షన్లు ఇచ్చారు. చిన్న రావమ్మది ఎండ జ్వరమే, మర్నాటికి తగ్గిపోయింది. జోజమ్మ మాంసం బాగా ఉడికించిందో, దేవుడే చూశాడో, ఆమె పిల్లలకూ ఏమీ కాలేదు. ఏసోబు మాత్రం చావు దాకా వెళ్ళి వచ్చాడు. అతను గండం గడిచిన రోజున శివపార్వతి ఆసుపత్రి వరండాలో జోజమ్మ పక్కన కూచుని జరిగింది దాచకుండా చెప్పేసింది.

జోజమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మీ పాప కంచం మార్చారు. మా పిల్లలకూ కంచాలుంటాయని గుర్తు రాలేదా అమ్మగారూ?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జోజమ్మ ఈ ఇంటి గడప తొక్కలేదు. ఏసోబు చెయ్యి దక్కింది కానీ రెండు వేళ్ళు ముడుచుకోవు. ఆ చెయ్యి ఇక పాలు పితకదు. వాళ్ళ ఇంటికి పాలూ జీతం గింజలూ వెంకటప్పయ్యే మోసుకెళ్ళి అరుగు మీద పెట్టి వస్తున్నాడు. జోజమ్మ అవి తీసుకుంటుంది. తల ఎత్తి చూడదు.

ఇప్పుడు పాలు పితికేది వెంకటప్పయ్యే. గేదెలన్నిటికీ టీకాలు వేయించినా, తెల్లవారి పాకలో అడుగు పెట్టాలంటే ఆయనకు భయం. ఒకరోజు తడికె తీసి అక్కడే నిలబడిపోయాడు. అప్పటికే లోపలున్న శివపార్వతి నల్లగేదె దగ్గర వంగి చూస్తోంది.

"మావయ్యగారూ, ఇది రాత్రి కుడితి..." అని, ఎప్పటిలాగే సగంలో ఆపేసింది.

వెంకటప్పయ్య చెంబు కింద పెట్టాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆపకు. చెప్పు తల్లీ" అన్నాడు.