మూడు రాష్ట్రాల నర్సమ్మ

శుక్రవారం పూట గాలయ్య ఇంట్లో ఉంటే యమునాబాయికి పని రెండింతలవుతుంది. భివండీలో ఆ రోజు మరమగ్గాల కార్ఖానాలకు కరెంటు సెలవు. వారమంతా సాంచెల, అంటే ఆ మగ్గాల, చప్పుడు మధ్య తిరిగే మనిషికి ఆ నిశ్శబ్దంలో ఏం చేయాలో తోచదు. పప్పు డబ్బా మూత తీసి పురుగు పట్టిందేమో అని చూస్తాడు. పొయ్యి దగ్గరికొచ్చి మంట తగ్గించమంటాడు. పద్మానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఆవిడ ఎటు తిరిగినా ఆయనే తగులుతాడు.

కానీ ఆ శుక్రవారం ఆవిడ విసుక్కోలేదు. ఆయన మంచి హుషారులో ఉన్నాడు. కూతురు దీపాలి సోమవారం నాడు ఊళ్లోని ట్రస్టు ఆస్పత్రిలో నర్సుగా చేరబోతోంది. పర్మనెంట్ ఉద్యోగం. గాలయ్య నేసిన బట్ట కొనే సేటు ఆ ట్రస్టులో పెద్దమనిషి. కొన్ని నెలలు ఆయన చుట్టూ తిరిగి, బతిమాలి, గాలయ్య ఆ మాట తెచ్చుకున్నాడు. ముంబైలో హాస్టల్లో ఉండి చదివి, అక్కడే రెండేళ్లు పనిచేసిన పిల్ల, ఇక ఇంటి అన్నం తిని డ్యూటీకి పోతుందని ఆయన ఆశ. ఈ సంగతి తెలియనివాళ్లు ఆ గల్లీలో లేరు. తెలిసినవాళ్లకు రెండోసారి చెప్పాడు.

దీపాలి మాత్రం ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం బాపు" అంది. గాలయ్య లెక్కలో చూద్దాం అంటే సరే అనే.

ఆయన అటుకుల పళ్లెం ముందేసుకుని కూర్చునేసరికి దీపాలి సూట్‌కేసు మొత్తం కిందపోసి వెతుకుతోంది. రిజిస్ట్రేషన్ కాగితాలు కనిపించడం లేదట. గాలయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

"దేవయ్య కాడ ఫ్రేముకిచ్చిన బిడ్డ. మూడు రాష్ట్రాలల్ల పాసైనవు. గోడకుంటే ఎంత ముద్దుగుంటది" అన్నాడు.

దీపాలి నెత్తి కొట్టుకుంది. మహారాష్ట్రది సరే, ఇక్కడ చదివింది కాబట్టి వచ్చింది. తర్వాత గుజరాత్‌ది ఒకటి, తెలంగాణది ఒకటి పోస్టులో వచ్చేసరికి తండ్రి వాటిని కూడా పరీక్షలనుకున్నాడు. పాసైందని తలుచుకుని మురిసిపోతున్నాడు. ఆమె పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. ప్రతి రాష్ట్రానికీ ఒక నర్సింగ్ కౌన్సిల్ ఉంటుంది. ఆ కౌన్సిల్ పుస్తకంలో పేరెక్కితేనే నర్సు ఆ రాష్ట్రంలో రోగి మీద చెయ్యి వేయాలి. ఒక రాష్ట్రపు కాగితం ఇంకో రాష్ట్రంలో చెల్లదు. ఇక్కడి కౌన్సిల్ అక్కడి కౌన్సిళ్లకు రాసి, వాళ్లు సరేనని, ఆ రెండూ చేతికి రావడానికి ఏడాది పట్టింది.

గాలయ్యకు ఇది వింతగా తోచింది. "లారీకి సుత నేషనల్ పర్మిట్ ఉంటది. ఒక్క కాగితంతోని దేశమంత తిరుగుతది. నర్సుకు లేదా?"

"లేదు బాపు. అందుకే మూడు తీసుకున్న."

"మంచిగనే ఉంది. కని గుజరాత్ల నీకేం పని?"

ఆ ప్రశ్న కోసమే ఆమె వారం రోజులుగా భయపడుతోంది. పొయ్యి దగ్గర యమునాబాయి గరిటె ఆపింది. దీపాలి తలొంచుకుని చెప్పేసింది. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే డాక్టర్ల బృందం ఒకటి ముంబై నుంచి ఊళ్లు తిరుగుతుంది. మొన్నటిదాకా సెలవుల్లో వాళ్లతో ఇక్కడి క్యాంపులకే వెళ్లింది. ఇప్పుడు వాళ్లు రమ్మంటున్నారు. ఒక నెల గుజరాత్‌లో వల్సాడ్, ఇంకో నెల ఇటు నందుర్బార్, ఆ తర్వాత ఆదిలాబాద్. ఎక్కడ నర్సులు తక్కువైతే అక్కడికి. సోమవారమే ప్రయాణం.

"మరి నీ జాగ యాడ?"

"ఒక జాగంటూ ఉండదు బాపు. యాడ అవసరముంటే ఆడికి పోవుడే."

గాలయ్య నోటిదాకా తెచ్చిన అటుకులు మళ్లీ పళ్లెంలో పోశాడు. తర్వాత ఒక్కటే మాటన్నాడు. "అంటే బద్లీ."

దీపాలికి నవ్వొచ్చింది. "గట్లనే అనుకో బాపు" అంది.

ఆ నవ్వు ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పళ్లెం పక్కకు నెట్టి, చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కరెంటు లేని కార్ఖానాలో, ఆగి ఉన్న సాంచెల మధ్య కూర్చుని మధ్యాహ్నం దాకా రాలేదు.

బద్లీ అంటే ఏమిటో కార్ఖానా మనుషులకు వేరే చెప్పనక్కర్లేదు. పర్మనెంట్ కార్మికుడికి తన సాంచెలు తనకుంటాయి. బద్లీవాడికి ఏదీ ఉండదు. పొద్దున డ్యూటీ మారే వేళకు కార్ఖానా దర్వాజా దగ్గర నిలబడాలి. ఎవడైనా రాకపోతే వాడి సాంచె మీద ఆ పూట పని. అందరూ వస్తే ఇంటిదారి. బద్లీవాడికి కిరాణా కొట్టులో ఉద్దెర ఇవ్వరు, అద్దెకు గది ఇవ్వడానికి ముఖముఖాలు చూసుకుంటారు, ఇక పిల్లనివ్వడం మాట దేవుడెరుగు. గాలయ్య సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చిన కొత్తలో భివండీలోనే కణేరి పేటలో ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాడు. తర్వాత పర్మనెంటయ్యాడు, తర్వాత సొంతంగా నాలుగు సాంచెలు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన కార్ఖానా ముందే పొద్దున నలుగురు బద్లీలు నిలబడతారు. వాళ్లలో ఎవరినీ ఉత్తచేతులతో పంపడు. కనీసం చాయ్ తాగించి పంపుతాడు. ఎందుకని ఎవరైనా అడిగితే మాట దాటేస్తాడు.

శనివారమంతా ఇంట్లో మాటల్లేవు. యమునాబాయి ఇద్దరికీ మధ్య తపాలా బంట్రోతు పని చేసింది. "బాపును తినమను" అని దీపాలి, "నీ బిడ్డను ఫ్యాను కింద కూసోమను" అని ఆయన. అలిగిన మనుషులు ఒకరి మీద ఒకరికి ఇంత ధ్యాస పెట్టుకోవడం చూసి ఆవిడకు లోలోపల నవ్వొచ్చింది కూడా.

ఆదివారం పొద్దున ఫ్రేముల దేవయ్య మూడు పటాలూ చంకలో పెట్టుకుని స్వయంగా తెచ్చిచ్చాడు. బంగారు రంగు అంచు, లోపల మఖమల్ గుడ్డ. "గాలన్న బిడ్డవైతివి గన్క పైసలు తక్కువ తీస్కున్న" అని దీపాలితో అని, ఆమె తాగమన్న చాయ్ తాగి వెళ్లాడు. గాలయ్య ఆ పటాల వైపు చూడలేదు. దీపాలి కాసేపు వాటిని చేత్తో తడిమింది. తర్వాత కత్తి తెచ్చి, వెనకాల మేకులు ఒక్కొక్కటే లేపి, అద్దం పగలకుండా కాగితాలు బయటికి తీయడం మొదలుపెట్టింది. ప్రతి క్యాంపులోనూ అసలు కాగితాలు చూపించాలి మరి.

రెండో పటం విప్పుతుండగా గాలయ్య ఇక ఆగలేకపోయాడు.

"ముద్దుగ గోడకు కట్టుకుందమని తెస్తే ఇప్పుతున్నవా? పర్మనెంట్ నౌకరీ ఇంటి ముంగటికి ఒచ్చింది. నా మొఖం చూసి ఇచ్చిండు సేటు. రేపు ఆయనకేమని చెప్పాలె నేను?"

"అది నేను ముందే చెప్పాల్సింది బాపు, నాదే తప్పు. నువ్వు వద్దంటే పోను. నిజంగ ఆగుత. కని ఎందుకు వద్దో చెప్పు. ఉత్తగ వద్దంటే నాకు మనసున పట్టది."

ఆ పిల్ల కత్తి కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నిజంగానే ఆయన చెప్పేదాని కోసం చూస్తూ కూర్చుంది. ఎదురు తిరిగి ఉంటే గాలయ్యకు సులువయ్యేది, రెండు కేకలేసి గెలిచేవాడు. ఇలా అడిగేసరికి ఎన్నో ఏళ్లు నోరు దాటనివ్వనిది దాటింది.

"బద్లీ బతుకు నీకెరుక లేదు బిడ్డ. నేను బతికిన. పొద్దుగాల దర్వాజ కాడ నిలబడి ఏమని మొక్కేటోన్నో ఎరుకేనా? ఎవనికన్న ఒకనికి జొరం రావాలె, నాకు బువ్వ దొరకాలె అని. మంది చెడు కోరి తిన్న బువ్వ అది. గా బతుకు నీకొద్దు."

 దీపాలికి తండ్రి ఎప్పుడూ ఇలా మాట్లాడినట్టు గుర్తు లేదు. ఆమె దగ్గరికి జరిగి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"బాపు, ఐక్ నా, ఇను. నువ్వు పని కోసం దర్వాజ కాడ నిలబడితివి. నేను పోయే కాడ తల్లులు పిల్లల్ని సంకనేసుకొని దర్వాజ కాడ నిలబడ్డరు. ఆపరేషన్ చేసేతందుకు డాక్టరున్నడు. ఆపరేషనైనంక పిల్లకు పాలు ఎట్ల తాపాలె, ఏడిస్తే ఎట్ల పట్టుకోవాలె, అది ఆ తల్లికి ఆమె భాషల చెప్పే మనిషి లేదు. మరాఠీ, హిందీ, గుజరాతీ, తెలుగు, నాలుగొస్తయి నాకు. యాడ నేర్చుకున్న చెప్పు? ఈ గల్లీలనే కద."

 జవాబు లేనప్పుడు మగవాళ్లు పట్టుకునే ఆఖరి కొమ్మ పెళ్లి. గాలయ్యా అదే పట్టుకున్నాడు.

"అన్నీ మంచిగనే చెప్తవు. రేపు నీకు సంబంధం జూస్తే, పిల్ల బద్లీ అంటే ఎవడు చేసుకుంటడు? నన్నెట్ల చేసుకున్నరనుకున్నవు? షోలాపూర్ల మీ అమ్మోళ్లకు పర్మనెంట్ అని అబద్ధం చెప్పినం. బద్లీ అని ఎరుకైతే షోలాపూరోళ్లు నాకు పిల్లనిచ్చేటోళ్లా?"

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. భార్య వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. ఇరవై అయిదేళ్లకు పైగా దాచిన మాట అది.

యమునాబాయి జొన్నరొట్టె తట్టడం ఆపలేదు. "నాకు ముందుగాలనే ఎరుకే" అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ రొట్టెను పెనం మీద వేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. అప్పుడు చెప్పింది. పెళ్లి మాటలయ్యాక ఆవిడ మేనమామ భివండీకి వచ్చి కార్ఖానాల్లో విచారించి వెళ్లాడట. పిల్లగాడు పర్మనెంట్ కాదు, బద్లీ, ఈ సంబంధం వద్దే వద్దు అన్నాడట.

"మరి ఆయన గురించి ఆడ మంది ఏమనుకుంటున్నరు మామా అని అడిగిన. ఎవడన్న ఊరికి పోవాల్నంటే తన సాంచెను గాలయ్య చేతుల పెట్టిపోతడంట, వేరేటోన్ని పెట్టుకోనియ్యరంట అని చెప్పిండు. పది మంది తమ బువ్వ పెట్టే సాంచెను ఆయన్ను నమ్మి ఒదిలిపెడుతున్నరు. నన్ను ఆయన చేతుల పెడితే తప్పేంది అనుకున్న. చేసుకుంటనన్న."

 గాలయ్య ఆవిడ వైపు జరిగి, "మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"పర్మనెంట్ పర్మనెంట్ అని చెప్పుకొని నువ్వు ఎంత మురిసేటోనివి. నడుమల నేనెందుకు చెడగొట్టాలె?"

గాలయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లనిండా నీళ్లు వచ్చాయి. తువ్వాలుతో మొహం కప్పుకుని పిల్లాడిలా ఏడ్చాడు. సిగ్గుపడాల్సిన బతుకని తాను అనుకున్నదాన్ని, ఈ మనిషి పెళ్లికి ముందే తెలుసుకుని, మెచ్చి, దాని కోసమే తనతో వచ్చిందా. ఇన్నేళ్లూ తాను మోసినదంతా ఉత్త బరువేనా. దీపాలి అమ్మ భుజం మీద తల పెట్టి తానూ ఏడ్చింది. పెనం మీద రొట్టె మాడింది. ఆ పూట దాన్ని గాలయ్యే తిన్నాడు, బాగుందన్నాడు.

భోజనమయ్యాక ఆయన కత్తి తీసుకుని మూడో పటం తానే విప్పి, కాగితాన్ని జాగ్రత్తగా కూతురి చేతికిచ్చాడు.

సోమవారం పొద్దున్నే సేటు దగ్గరికి ఆయనే వెళ్లి సంగతి చెప్పి వచ్చాడు. సేటు నాలుగు మాటలన్నాడు, గాలయ్య పడ్డాడు. అక్కడి నుంచి తిన్నగా బస్టాండుకు వచ్చి, తల్లీ కూతుళ్లతో కలిసి ముంబై బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు రావడానికి కాస్త వ్యవధి ఉంది. ఆయన కూతుర్ని పక్కకు పిలిచాడు.

"కొత్త కార్ఖానాల అడుగు పెట్టంగనే సాంచె మీద చెయ్యి ఎయ్యద్దు బిడ్డ. అంతకుముందు దాన్ని నడిపినోన్ని అడుగు, ఇది యాడ సతాయిస్తది, ఏ పోగు మాటిమాటికి తెగుతది అని. అడిగితే చిన్నతనం కాదు. మళ్ల నువ్వు దిగేటప్పుడు నీ ఎనుక ఒచ్చేటోనికి అన్ని చెప్పి దిగు. చెప్పకుంట పోయినోన్ని రెండోసారి పిలువరు."

డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతులు ఒకరికొకరు అప్పజెప్పుకోవాలని నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడే నేర్పుతారు. దీపాలి ఆ మాట అనలేదు. కొత్తగా వింటున్నట్టు తలూపుతూ చివరిదాకా వింది. నిజానికి అది అలా చెప్పగా ఆమె ఎప్పుడూ వినలేదు కూడా.

బస్సొచ్చింది. దీపాలి ఇద్దరి కాళ్లకూ మొక్కి ఎక్కింది. యమునాబాయి కిటికీలోంచి రొట్టెల మూట అందించింది. బస్సు కదులుతుండగా, పక్కనున్న కాల్హేర్ వైపు అద్దాల సరుకు తెచ్చుకోవడానికి బయల్దేరిన ఫ్రేముల దేవయ్య ఎదురొచ్చాడు. వెళ్లిపోతున్న పిల్లను చూసి ఆశ్చర్యపోయాడు.

"గాలన్న, బిడ్డ ఇయ్యాల డ్యూటీల చేరాలె కద? పర్మనెంట్ అంటివి?"

బస్టాండులో సగం మంది వాళ్ల గల్లీవాళ్లే, సాంచెల మనుషులే. గాలయ్య బస్సు మలుపు తిరిగేదాకా చూసి, తువ్వాలు భుజాన సర్దుకుని, అందరికీ వినిపించేటట్టే చెప్పాడు.

"కాదు దేవయ్య. మా బిడ్డ బద్లీ. మూడు రాష్ట్రాలోళ్లు పేరు పెట్టి పిలుస్తున్నరు."