మన స్పాట్ రేటు

తెల్లవారేసరికి వాకిలంతా బురద. రాత్రి వానకు నేల మంచి పదునెక్కింది. కదిరి చుట్టుపక్కల పల్లెలన్నీ వేరుశనగ విత్తడానికి పరుగులు పెడుతున్నాయి. సునంద మాత్రం ఒలిచి ఉంచిన విత్తనం మూటల పక్కన నిలబడి, అరుగు మీద ఫోను చూసుకుంటున్న మొగుణ్ణి చూస్తోంది.

"యురేనియం స్పాట్ రేటు మళ్లా పెరిగిండాది," అన్నాడు నాగేశ్వర తలెత్తకుండానే.

ఆమధ్య సర్వేవాళ్లు వచ్చి యురేనియం ఉందేమోనని వీళ్ల చేలో బోరు వేశారు. రాతి ముక్కలు పెట్టెల్లో పట్టుకుపోయి, గుర్తుకు పచ్చరంగు రాళ్లు పాతి, మళ్లీ వస్తామన్నారు. రాలేదు. ఆ రాళ్లు కదిలిపోతాయని నాగేశ్వర అప్పట్నుంచి చేలో విత్తే గొర్రు దిగనివ్వలేదు. సోలారువాళ్లు కౌలుకు అడిగితే తరిమేశాడు. సునంద కూలికి పోతానంటే పరువు తక్కువ, పుట్టింటికి పోతానంటే ఊరు నవ్వుతుందంటాడు. మహారాజుకు అన్నీ తెలుసు మరి! ఎటూ కదల్లేక ఆమెకు ఊపిరాడటం లేదు. కిందటేడు దాచిన విత్తనం పురుగు పట్టిపోయింది. ఆ చేలో పచ్చగా కనబడేవి ఆ రాళ్లే.

ఊళ్లో బాడుగకు విత్తనం వేసే గంగాధరప్ప ఎద్దులకు గొర్రు కట్టి తోలుకొచ్చి వాకిట్లో ఆగాడు.

"ఏమప్పా, మీ చేలోకి తోలేదా, ఇంకొకరి చేలోకి పోయేదా? రేపటికి పదును ఆరిపోతాది."

"పో అన్నా, మేము వేయడం లే," అన్నాడు నాగేశ్వర.

"వేస్తాం!" తన గొంతు విని సునందకే భయమేసింది. "ఎద్దుల్ని నిలుపన్నా. ఈ ఏడు కూడా బీడు పెడితే నేను ఈ ఇంట్లో ఉండను."

"రేటు పెరుగుతాంటే బంగారమట్లాంటి నేల మీద శెనక్కాయలు వేసుకుంటామా ఏమే?"

సెలవులకు ఇంటికొచ్చిన కూతురు ఆశ్రిత లోపల్నుంచి వచ్చింది.

"నాయనా, ఆ రేటు ఎందుకు పెరిగిందో తెలుసునా? కజకిస్తాన్ గనుల్లో సరుకు తగ్గితే పెరుగుతాది. రియాక్టర్లు నడిపేవాళ్లు ముందే కొనిపెట్టుకుంటే పెరుగుతాది. జపాన్‌లో ప్రమాదమైనప్పుడు ఇదే రేటు కూలిపోయింది. దానికీ మన చేనుకూ ఏం సంబంధం?"

"లేకేం? అది స్పాట్ రేటు గదా! బోరు వేసినోళ్లు ఈడ నిలబడి ఏమనిరి? ఇదే స్పాట్ అనిరి. అంటే పెరిగేది మన స్పాట్ రేటే గదా?"

గంగాధరప్ప ముఖం ఎద్దుల వైపు తిప్పుకున్నాడు. ఆశ్రిత నవ్వలేదు.

"ఈడ స్పాట్ అంటే చోటు కాదు నాయనా. మార్కెట్ యార్డులో కాయలు పోసి ఆ పొద్దు రేటుకే అమ్ముతాం చూడు, అట్ల అప్పటికప్పుడు అమ్మే సరుకు రేటు. ఏండ్లకు ముందే మాట్లాడుకునే బేరం వేరే. మన దేశంలో దాన్ని తవ్వేది గవర్నమెంటే. చేను తీసుకున్నా చేనుకు కట్టే రేటే ఇస్తారు."

"ఈ మాట పట్టుకోని మమ్మల్ని ఇన్నాళ్లూ కట్టేసినావా?" సునంద ముందుకొచ్చింది.

నాగేశ్వర ఫోను పక్కన పెట్టేశాడు.

"నాకూ అనుమానంగానే ఉండె," అన్నాడు. "విత్తనం వేసి ఆకాశం పక్క చూసేది నా వల్ల కాదు సునందా. వరసగా పంటలు నా కండ్ల ముందరే మాడిపోయినాయి. వాన లేకపోయినా పెరిగేది ఈ రేటొక్కటే. పొద్దున్నే దాన్ని చూస్తేనే నాకు ఇంత ముద్ద దిగేది."

పెద్ద మనిషి పసివాడిలా ఏడ్చాడు. తననొక్కదాన్నే కట్టేశాడనుకుంది సునంద ఇన్నాళ్లూ. ఆ కట్టుకు రెండో కొసన అతనూ ఉన్నాడని ఆమెకు తట్టలేదు. వెళ్లి పక్కన కూర్చుంది.

"ఆకాశం పక్క నేను చూస్తాలే. నువ్వు నేల పక్క చూడు."

నాగేశ్వర కండువాతో ముఖం తుడుచుకుని, లేచి గంగాధరప్ప చేతిలోని పగ్గం అందుకుని చేను దారి పట్టాడు. సునంద వెనకే నడిచింది. వాన మళ్లీ వస్తుందో రాదో అని ఆమెకూ భయంగానే ఉంది. ఆ మాట మాత్రం మొగుడికి చెప్పలేదు.