క్వాయిఫౌ బుట్టలోని చిప్పల దండ

ఉదయం 8:20. దొరల ఏలుబడిలోని మలైటా దీవి, లంగలంగా సముద్రపు మడుగు.

అన్న క్వాయిఫౌ బయటికి తెచ్చిచ్చిన బుట్ట మూత తీసిన ఫియూ కెవ్వుమంది.

"ఇది నేను చేసిన దండ కాదు! ఎవడో మార్చేశాడు!"

మధ్యాహ్నం పన్నెండుకి, ఇక్కడ డబ్బుగా చెల్లే ఆ ఎర్ర ఆల్చిప్పల దండ పరిహారంగా కొండవాళ్ల చేతికి చేరాలి. ఫియూ మేనల్లుడు తలోయి నడిపిన పడవ మునిగి వాళ్ల మనిషి పోయాడు. దండ అందితే రాజీ. అందకపోతే తలోయి ప్రాణం తీస్తారు.

కబురందిన పోలీసు సార్జెంట్ ఇరోబాటా 9:05కి పడవ దిగాడు. ఈ నెలలో నాలుగో కేసు. తెడ్డు వేసిన భుజాలు పీకుతున్నాయి.

"నీది కాదని ఎలా చెబుతావమ్మా?"

"మేం రాతిమొనతో రెండువైపులా తొలుస్తాం. బెజ్జం నడుమ సన్నగా ఉంటుంది. ఇది చూడు, గొట్టంలా తిన్నగా ఉంది. షాపులో అమ్మే ఫ్యాక్టరీ గాజుపూసలు. నీ కళ్లు కూడా గవర్నమెంటు తీసేసుకుందా?"

అతను నవ్వలేదు. ఓపిక లేదు.

బుట్ట ఉండేది మగవాళ్ల గదిలో, పొయ్యి పైన. ఆడవాళ్లు అక్కడ అడుగుపెట్టరు. అక్కడ ఉన్నంతసేపూ క్వాయిఫౌ తప్ప దాన్ని ఎవరూ ముట్టరు.

"చివరిసారి ఎప్పుడు చూశావు, పెద్దయ్యా?"

"నిన్న సాయంత్రం. అసలు దండే ఉంది. తర్వాత షాపు గుమాస్తా వచ్చిపోయాడు. వాణ్ణి పట్టుకో."

"నీ కళ్లతో చూశావా?"

"చేత్తో పట్టుకుని చూశాను!"

11:15. అందరూ చేరారు. కొండవాళ్ల పెద్ద బువాలిమే ఒళ్లో గొడ్డలి పెట్టుకుని కూర్చున్నాడు. గుమాస్తాను కూడా పిలిపించారు.

సార్జెంట్ తెల్లగుడ్డతో దండ తుడిచాడు. గుడ్డ నల్లబడింది. మళ్లీ తుడిచాడు. మళ్లీ నలుపే.

"అందరూ బెజ్జాలే చూశారు. మసి చూడలేదు. బుట్ట అల్లికలోంచి దూరి పూసల సందుల్లో గడ్డకట్టి ఉంది. ఒక్క రాత్రిలో ఇంత పట్టదు. నెలల తరబడి ఆ పొయ్యి మీద వేలాడింది ఈ గాజు దండే. దొంగ గుమాస్తా కాదు, పెద్దయ్యా."

క్వాయిఫౌ తల దించుకున్నాడు.

"నిరుడు తలోయి తలపన్ను కట్టకపోతే జైలన్నారు. చిప్పలు చెల్లవు, షిల్లింగులే కావాలన్నారు. షాపు దొర దండ తీసుకుని ఐదు షిల్లింగులిచ్చాడు. ఈ గాజుది ఊరికే నా చేతిలో పడేశాడు. ఆ ఐదూ వచ్చి పట్టుకెళ్లిందెవరు, సార్జెంటూ?"

ఇరోబాటా మసిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. పట్టుకెళ్లింది తనే.

అసలు దండ ఎప్పుడో ఓడెక్కి పోయింది.

"కొత్తది చేయడానికి ఎన్నాళ్లమ్మా?"

"ఆడవాళ్లమంతా కూర్చుంటే రెండు నెలలు" అంది ఫియూ.

అతను టోపీ, బెల్టు తీసి నేలమీద పెట్టాడు. బువాలిమే ఎదుటికి వెళ్లాడు.

"అందాకా నన్ను తీసుకెళ్లు. దండ రాకపోతే తలోయి బదులు నేను."

బువాలిమే ఎగాదిగా చూశాడు.

"బాగా అలిసిపోయి ఉన్నావు. కొండ ఎక్కగలవా?"

"మెల్లగా ఎక్కుతాను."