లోపల కూర్చోని రొట్టెమనిషి

"తలుపుకి అడ్డం లేవే, నైదా. ఆయన ఎలా వస్తాడు?" అంది అమ్మమ్మ ఫెలీపా.

నైదా చటుక్కున పక్కకి జరిగింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. గేటు కూడా తీసే ఉంది. ప్రతి నవంబరు ఒకటో తేదీన బొలీవియాలోని కొచబాంబా ఊరంతా ఇలాగే తలుపులు తీసుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టగానే పోయినవాళ్ళు ఎవరిళ్ళకి వాళ్ళు వస్తారు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళిపోతారు. ఈలోగా వాళ్ళకి ఇష్టమైనవన్నీ బల్ల మీద పెట్టి ఉంచాలి.

ఈసారి రావలసింది నైదా ముత్తాత సెనోబియో. అమ్మమ్మకి సొంత నాన్న. నైదా ఆయన్ని తాత అనే పిలిచేది. ఆగస్టులో పోయాడు. పోయాక ఇంటికి రావడం ఆయనకి ఇదే మొదలు.

"కొత్తగా పోయినవాళ్ళకి దారి సరిగ్గా తెలియదు. పిలుపులో తేడా వచ్చిందంటే గుమ్మం దాకా వచ్చి, ఆకలితోనే తిరిగి వెళ్ళిపోతారు. మళ్ళీ ఏడాదికి గానీ రారు," అంటూ అమ్మమ్మ గాజుగ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసింది. అంత దూరం నడిచి వచ్చేవాళ్ళకి ముందు దాహమే కదా వేసేది.

బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది. రెండు పక్కలా చెరకు గడలు కట్టారు. మధ్యలో తాత ఫోటో, దాని ముందు ఆయనకి ప్రాణమైన వేరుశెనగ సూపు. పైనుంచి దిగి రావడానికి రొట్టెతో చేసిన నిచ్చెన. చుట్టూ రొట్టెపాపలు. వాటికి అతికించిన బుల్లి ముఖాలు రెప్ప వేయకుండా చూస్తుంటాయి.

నైదా చేసిన రొట్టె అన్నిటికంటే పెద్దది. గుండ్రటి స్టేడియం. దాని మెట్ల మీద టోపీ పెట్టుకుని కూర్చున్న ఒక రొట్టెమనిషి.

"తాత ఎప్పుడూ చెప్పే ఆ మ్యాచ్ చూస్తున్నట్టు," అని పొద్దున్నే చెప్పింది. అమ్మమ్మ ఆ బొమ్మని కాసేపు చూసి, "సరేలే," అంది.

చర్చి గంటలు మోగాయి. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. పిల్లి వచ్చి నైదా ఒళ్ళో ముడుచుకుంది. వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు.

అప్పుడు ఒక ఈగ వచ్చింది. ఈ రోజు ఈ ఊళ్ళో ఈగని ఎవరూ తోలరు. అది ఈగలా వచ్చిన మన చుట్టమే కావచ్చు. ఆ ఈగ గేటు దాకా వచ్చి, గేటు స్తంభం మీద వాలింది. అక్కడే అటూ ఇటూ నడిచింది. లోపలికి మాత్రం రాలేదు.

"రా నాన్నా, మన ఇల్లే," అంది అమ్మమ్మ మెల్లగా.

ఈగ కదల్లేదు.

నైదా బల్ల వైపు చూసింది. రొట్టెమనిషి స్టేడియంలో లేడు. బయట నల్లగుడ్డ మీద పడి ఉన్నాడు. ముఖం గుమ్మం వైపు తిరిగి ఉంది.

"గాలికి పడ్డాడేమో," అనుకుని, తీసి మళ్ళీ మెట్ల మీద కూర్చోబెట్టింది. గట్టిగా నొక్కింది కూడా. వచ్చి కూర్చుని, పిల్లిని ఒళ్ళోకి తీసుకుని, తలెత్తి చూస్తే వాడు మళ్ళీ బయట ఉన్నాడు.

"పిల్లి గానీ లాగిందేమోనే," అంది అమ్మమ్మ.

"పిల్లి నా ఒళ్ళోనే ఉంది."

అమ్మమ్మ లేచి వెళ్ళి గ్లాసు చూసింది. వచ్చినవాళ్ళు తాగితే నీళ్ళు కొంచెం తగ్గుతాయి. ఏ ఏడాది చూసినా ఎవరో ఒకరు తాగేవాళ్ళు. ఈసారి నీళ్ళు అంచు దగ్గరే ఉన్నాయి. "ఎందుకు రావట్లేదు? మనం ఏం తప్పు చేశాం?" అంది.

ఏం తప్పు జరిగిందో నైదాకి తెలుసు.

జూన్‌లో ఒకరోజు మిర్తా టీచర్ దక్షిణ అమెరికా కప్పు పాఠం చెప్పింది. "మన బొలీవియా ఈ కప్పు గెలిచింది ఒక్కసారే. పంతొమ్మిది వందల అరవై మూడులో. ఆఖరి మ్యాచ్ మన ఊళ్ళోనే జరిగింది. బ్రెజిల్ మీద ఐదు నాలుగు. తొంభై ఏడులో మళ్ళీ ఫైనల్ దాకా వెళ్ళాం, అదే బ్రెజిల్ చేతిలో ఓడిపోయాం. సరే, ఆ అరవై మూడు మ్యాచ్ చూసినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉన్నారా?"

రామిరో వెంటనే చెయ్యెత్తాడు. వాళ్ళ ముత్తాత స్టేడియం మెట్ల మీద కూర్చుని దిగిన ఫోటో ఉందట.

నైదా ముత్తాత కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. కాకపోతే గోడకి అవతల. మ్యాచ్‌కి వచ్చినవాళ్ళ సైకిళ్ళకి కాపలా కాశాడు. ఒక్క గోల్ కూడా చూడలేదు. ఆ మాట చెప్పడానికి నైదాకి నోరు రాలేదు. "మా తాత కూడా లోపలే కూర్చుని చూశాడు. అన్ని గోల్సూ చూశాడు. ఒకసారి బంతి ఆయన ఒళ్ళో పడితే తిరిగి విసిరాడు కూడా," అనేసింది. అబద్ధం ఆడాక అక్కడితో ఆగొచ్చు కదా. ఆగితే నైదా ఎందుకవుతుంది?

టీచర్ ముచ్చటపడి మర్నాడే తాతని స్కూలుకి పిలిపించింది. అందరి ముందూ నైదా ఆ మాటలే మళ్ళీ చెప్పి, "ఇప్పుడు మా తాత మాట్లాడతారు," అంది.

తాత నైదా వైపు చూశాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "మనమే గెలిచాం, పిల్లలూ. ఐదు నాలుగు," అని చెప్పి కూర్చున్నాడు. అంతే. ఇంటికొచ్చే దారిలో నైదాకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన ఆ మ్యాచ్ కథ ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు రోజుకోసారైనా చెప్పకపోతే ముద్ద దిగేది కాదు ఆయనకి.

గేటు దగ్గర సైకిల్ చప్పుడైంది. నైదా ఉలిక్కిపడింది.

వచ్చింది రామిరో. సైకిల్‌ని గోడకి ఆనించి, సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. వెనకాల ఇంకో ముగ్గురు పిల్లలు. ఈ రోజు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు. ఇంటివాళ్ళు రొట్టెలు ఇస్తారు.

"రండి నాయనా. పేరు చెప్పి, మనిషిని తలుచుకుని ప్రార్థించండి. ఎవర్ని పిలుస్తున్నారో ఆయనకి తెలియాలి," అంది అమ్మమ్మ. ఆమె ముఖంలో కొంచెం ఆశ కనిపించింది.

"నాకు తెలుసు అమ్మమ్మగారూ. మా క్లాసుకి వచ్చారుగా," అంటూ రామిరో టోపీ తీశాడు. రొట్టె స్టేడియం చూసి తల ఊపాడు. నలుగురూ చేతులు జోడించారు. "స్టేడియంలో కూర్చుని మ్యాచ్ అంతా చూసిన సెనోబియో తాత కోసం..."

మాట మధ్యలోనే ఏదో అయింది. సందు చివర బస్సు చప్పుడు ఆగిపోయింది. కుక్కలు ఆగిపోయాయి. చెరకు ఆకుల గలగల ఆగిపోయింది. రామిరో పెదాలు కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం నైదాకి వినిపించడం లేదు.

ఆ నిశ్శబ్దం నైదాకి కొత్త కాదు. తాత దాని గురించి ఎన్నిసార్లు చెప్పాడో. "బ్రెజిల్ వాళ్ళు గోల్ కొడితే లోపల అన్ని వేలమందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టేవాళ్ళే. ఆ నిశ్శబ్దం గోడ దాటొచ్చి నా పక్కన నిలబడేది. వెన్నులో చలి పుట్టేది," అనేవాడు.

ఇప్పుడది నైదా పక్కన నిలబడింది. ఆమె చూస్తుండగానే రొట్టెమనిషి మెట్ల మీంచి ఒరిగి, మెల్లగా దొర్లి, స్టేడియం బయట ఆగాడు. టోపీ కింద ముఖం గేటు వైపే ఉంది.

నైదా వాణ్ణి చేతిలోకి తీసుకుంది. ఈసారి మెట్ల మీద పెట్టలేదు.

"ఆపు రామిరో. అది అబద్ధం," అంది.

ఆ మాటతో బస్సు మళ్ళీ కదిలింది. ఎక్కడో కుక్క మొరిగింది. రామిరో కళ్ళు తెరిచాడు. "ఏంటి అబద్ధం?"

"మా తాత లోపల కూర్చోలేదు. మ్యాచ్ చూడలేదు. బయట సైకిళ్ళకి కాపలా కాశాడు. నాకు సిగ్గేసి అలా చెప్పాను. ఆయన నా పరువు కోసం నోరు మూసుకున్నాడు." చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పూర్తి చేసింది.

"మరి బంతి?" అన్నాడు రామిరో.

"బంతీ లేదు, ఏమీ లేదు."

"నేను అప్పుడే అనుకున్నా," అన్నాడు రామిరో. నిజానికి వాడు అలా ఏమీ అనుకోలేదు.

అమ్మమ్మ నైదా తల మీద చెయ్యి వేసింది. "పాపం తాత చూడలేదు కదా, కనీసం రొట్టెలోనైనా చూస్తాడని లోపల కూర్చోబెట్టావేమో అనుకున్నానే."

నైదా తల అడ్డంగా ఊపింది. ముక్కు తుడుచుకుని తాత కుర్చీ ఎత్తుకుంది. గేటు బయటికి తీసుకెళ్ళి, రామిరో సైకిల్ పక్కన వేసింది. వెనక్కి వచ్చి సూపు గిన్నె, నీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి దాని మీద పెట్టింది. రొట్టెమనిషిని గ్లాసుకి ఆనించింది. తర్వాత ఆ పక్కనే నేల మీద కూర్చుని, తాత చెప్పినట్టే మొదలుపెట్టింది.

"గోడ అవతల అరుపు వినిపిస్తే గోల్ మనది. నిశ్శబ్దం అయితే వాళ్ళది. తాత వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. కుడిచెయ్యి మనకి, ఎడమచెయ్యి వాళ్ళకి."

"ఏమీ కనపడకుండానే?" అంది పిల్లల్లో ఒక అమ్మాయి.

"ఏమీ కనపడకుండానే. కుడిచేతికి మడవడానికి ఒక్క వేలే మిగిలింది. సైకిల్ బెల్లులన్నీ వాటంతటవే వణికాయిట. అంత పెద్ద అరుపు వచ్చింది."

సరిగ్గా అప్పుడే స్టేడియం వైపు నుంచి ఒక హోరు లేచి, ఇళ్ళ మీదుగా వచ్చింది. రామిరో సైకిల్ బెల్లు సన్నగా మోగింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"ఇవాళ మ్యాచ్ ఉందా?" అన్నాడు రామిరో, గొంతు తగ్గించి.

"పండగ రోజు మ్యాచ్ ఏంటి నాయనా, తాళం వేసి ఉంటుంది," అంది గుమ్మంలోంచి అమ్మమ్మ.

ఈగ స్తంభం మీంచి లేచింది. సూపు గిన్నె అంచు మీద వాలి, ముందుకాళ్ళు రుద్దుకుంది. అమ్మమ్మ పైటకొంగు లాంటి తన శాలువా అంచుని నోటికి అడ్డం పెట్టుకుంది.

"తర్వాత ఏమైంది?" అన్నాడు రామిరో.

"తర్వాతే అసలు సంగతి. గెలిచిన సంతోషంలో జనం పాడుకుంటూ, గెంతుకుంటూ నడిచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్కడికీ సైకిల్ గుర్తు రాలేదు. తాత అక్కడే కూర్చున్నాడు. మర్నాడు వాళ్ళు తలలు గోక్కుంటూ వచ్చేదాకా కూర్చున్నాడు. మనమే గెలిచామని తనకి అప్పుడు నిజంగా నమ్మకం కుదిరిందట."

రామిరో పడీ పడీ నవ్వాడు. అందరూ నవ్వారు. తర్వాత పిల్లలు మళ్ళీ చేతులు జోడించారు. "సైకిళ్ళకి కాపలా కాసిన సెనోబియో తాత కోసం," అని మొదలుపెట్టి, ప్రార్థన పూర్తి చేశారు. అమ్మమ్మ సంచుల నిండా రొట్టెలు వేసింది. ఆ హోరు ఎలా వచ్చిందో ఒకడు నోటితో చేసి చూపిస్తుంటే, భయపడుతూ, నవ్వుతూ, గుంపుగా సందు తిరిగి వెళ్ళిపోయారు.

రామిరో సైకిల్ గోడకే ఆని ఉంది.

నైదా చూసింది. వీధి దాకా పరిగెత్తి పిలవొచ్చు. పిలవలేదు. ఖాళీ కుర్చీ పక్కన, సైకిల్ చక్రానికి వీపు ఆనించి కూర్చుంది. గ్లాసులో నీళ్ళు అంచుకి వేలెడు కిందికి దిగి ఉన్నాయి.

"ఎండగా ఉంది, లోపలికి రావే," అని అమ్మమ్మ పిలిచింది.

"రామిరో సైకిల్ కోసం వచ్చేదాకా ఇక్కడే ఉంటాం అమ్మమ్మా," అంది నైదా.