నెలకో అక్షరం

గాజు దగ్గరకు రండి. తోసుకోకండి, అందరికీ కనిపిస్తాడు. లోపల కుర్చీలో కళ్లు మూసుకుని, కుడి చెయ్యి సగం పైకెత్తి కూర్చున్నాడే, ఆయనే షాలేము అయ్యగారు. భీమిలి దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆ చెయ్యి లేవడం మొదలై ఐదేళ్లయింది. ఇంకా లేస్తూనే ఉంది.

బొమ్మ కాదు, ఆయన బతికే ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడు.

ఈ గదిని కట్టింది డాక్టర్ వకుళ. పెద్ద శాస్త్రవేత్తే గానీ, చెప్పడం మాత్రం వంటింటి భాషలో చెబుతుంది. "కూర మాడకుండా స్టవ్ సిమ్‌లో పెడతామా లేదా? నేను కాలాన్ని సిమ్‌లో పెట్టాను. అంతే." గోడల వెనక గదినంతా చుట్టేసి ఒక పెద్ద కాయిల్ ఉంటుంది. అందులో కరెంటు పారుతున్నంతసేపు లోపల కాలం పాకుతుంది. మనకు ఒక నెల గడిచేసరికి లోపల ఒక్క అక్షరం పలికేంత సమయం గడుస్తుంది. లోపలి వెలుతురు కూడా నీరసించి, ఎర్రబడి బయటకు వస్తుంది. అందుకే అయ్యగారు కిరోసిన్ దీపం ముందు కూర్చున్నట్టు కనిపిస్తారు.

అంత అవసరం ఏమొచ్చిందంటారా? ఆయన మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బింది. ఏ క్షణమైనా పగలొచ్చు. కత్తి పెట్టడానికి వీల్లేని చోట ఉంది, మందు అప్పటికింకా పుట్టలేదు. "మందు పుట్టేదాకా మీవారిని ఆపి ఉంచగలను, తబితగారూ. అంతకుమించి మాటివ్వలేను" అంది వకుళ ఆయన భార్యతో.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. షాలేము అయ్యగారి ప్రార్థనలంటే ఆ చుట్టుపక్కల హడల్. పెళ్లిలో ఆయన కళ్లు మూశాడంటే బిర్యానీ చల్లారిపోవాల్సిందే. పైగా మొదలుపెట్టే ముందు వేలు చూపించి, "నేను ఆమేన్ అనేదాకా ఎవ్వరూ కదలొద్దు" అనేవాడు. ఆయన మాటంటే ప్రాణం పెట్టే సంఘం, ఎవ్వరూ కదిలేవారు కాదు.

గదిలోకి వెళ్లే రోజు సంఘమంతా బయట ఎండలో నిలబడింది. తలుపు దగ్గర తబితమ్మ భర్త చెవిలో అంది: "ఇవాళన్నా చిన్నగా ముగించండి. ముసలాళ్లున్నారు."

ఆయన నవ్వాడు. కుర్చీలో కూర్చుని, అలవాటుగా వేలు చూపించి, "నేను ఆమేన్ అనేదాకా ఎవ్వరూ కదలొద్దు" అన్నాడు. కళ్లు మూసుకుని "నిత్యుడవైన" అన్నాడు. తలుపు మూసుకుంది. కాయిల్ గుయ్యిమంది.

అంతే, ఆమేన్ ఆగిపోయింది.

"కదలొద్దన్నారుగా" అన్నాడు సంఘపెద్ద జెకర్యా. మరి పడవలెవరు నడుపుతారు, ఆటోలెవరు తోలుతారు? చివరికి వంతులు వేసుకున్నారు. ఎప్పుడు చూసినా ఈ గాజు ముందు సంఘం నుంచి ఒకరు తలవంచి నిలబడి ఉంటారు. చూశారుగా, ఇప్పుడు కూడా ఒకరున్నారు. గాజు మీది అదురును పట్టి, వేగం పెంచి, అక్షరంగా మార్చే పరికరం ఒకటి పెట్టింది వకుళ. ఆదివారం ఆరాధన అయ్యాక ఇదే మాట:

"ఏమైనా వచ్చిందా?"

"'వా' వచ్చింది."

"కిందటి నెల 'లేని' అయింది కదా. 'వాడా' అయుంటుంది."

"నీ తొందర తగలెయ్య. అయ్యగారి కంటే ముందు నువ్వెళ్లకు!"

అలా ఒక్కొక్కటే కూడింది. నిత్యుడవైన తండ్రీ. ఆది అంతము లేని వాడా. నిన్న పట్టుకున్న చెయ్యి నీదే, రేపు పట్టుకునే చెయ్యీ నీదే. ఆ తర్వాత అక్షరం రాలేదు. అందరూ గుండెలు పట్టుకున్నారు. చూస్తే, అయ్యగారు ఊపిరి పీల్చుకుంటున్నారు! ఆ ఒక్క ఊపిరికి ఏడాది పట్టింది. మళ్లీ మొదలైంది: బయట నిలబడిన నా వాళ్లను...

అక్కడిదాకా వచ్చింది ప్రార్థన. "మనల్ని ఏం చెయ్యమని అడుగుతారో!" అని ఊరంతా ఒకటే చర్చ. ఆశీర్వదించమని కొందరు, అభిషేకించమని కొందరు. జెకర్యాకైతే అనుమానమే లేదు. ఈ సంఘానికి ఏదో మహా కార్యం రాబోతోంది.

ఇదిగో, మీరిలా చూస్తుండగానే మోగింది అలారం.

మే నెల మిట్టమధ్యాహ్నం. మోత విని తబితమ్మ, జెకర్యా, వెనకే సంఘమంతా పరుగెత్తుకొచ్చారు. కాయిల్ అడుగున ఒకచోట లోహం ఎర్రబారింది. వకుళ పరుగున వచ్చింది, చేతిలో సిరంజి పెట్టె.

"తబితగారూ, గది తెరవాలి. కాయిల్ చీలుతోంది. అదంతట అది తెగితే గదిలో ఒక పక్క కాలం పరుగెడుతుంది, ఇంకో పక్క పాకుతుంది. ఆయన గుండె ఒక వేగంలో, తల ఇంకో వేగంలో... బతకరు. ఇప్పుడే, మనమే ఆపాలి."

"మందు?"

"ఉంది." వకుళ చూపు దించుకుంది. "ఉబ్బిన నాళాన్ని లోపల్నించి అతికిస్తుంది. ఇంతవరకు ఇచ్చినవాళ్లలో సగంమంది లేచారు. వచ్చే ఏడాదికి ఇంకా మంచిది వస్తుందనుకున్నాను. అంత టైం లేదు. మీరు సరే అంటేనే తెరుస్తాను."

జెకర్యా చేతికర్రతో తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ప్రార్థన మధ్యలో తెంపుతారా? ఐదేళ్లు నిలబడ్డామమ్మా! ఆమేన్ పడాలి. అప్పటిదాకా ఆ తీగను దేవుడే పట్టుకుంటాడు."

"జెకర్యాగారూ, అది లోహం. వేడెక్కితే తెగుతుంది" అంది వకుళ.

"మీకు నమ్మకం లేదు డాక్టరుగారూ, అందుకే అలా అంటున్నారు."

కాయిల్ చిటపటమంది. గాజు లోపలి ఎరుపు ఒక్కసారి వణికింది.

తబితమ్మ గాజుకు నుదురు ఆనించింది. లోపల భర్త జుట్టు నల్లగానే ఉంది. గాజులో కనిపించే తన జుట్టు తెల్లబడింది.

"నమ్మకం లేనిది నాకే, జెకర్యాగారూ. ఈ గదిలో ఉన్నంతకాలం ఆయన పోరు అనుకున్నాను. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టేదాన్ని గానీ, మనసంతా ఈ కాయిల్ మీదే. తెరవొద్దు అనాలనే ఉంది ఇప్పటికీ."

"మరి అనండమ్మా!"

"ఎలా అనను? ఆయన ఏమన్నారు? రేపు పట్టుకునే చెయ్యీ నీదే అన్నారు. లోపల ఆయనకు ఒక్క ఊపిరి, బయట మనకు ఒక ఏడాది. దేవుడు ఏ పక్కన ఉన్నాడు మరి? రెండు పక్కలా ఉన్నాడు. మనం పుట్టకముందూ ఆయనే, మట్టైపోయాకా ఆయనే. ఈ ప్రార్థన మనకింకా సగంలో ఉంది గానీ, దేవుడికి కాదు. ఆ ఆమేన్ ఆయన ఎప్పుడో విన్నాడు. ఆమేన్ కోసం ఆగింది మనమే." కొంగుతో మొహం తుడుచుకుంది. "మావారు లేవకపోయినా ఆ చెయ్యి వదిలేది కాదు. తప్పుకోండి, పెద్దాయనా."

ముసలాయన కర్ర పక్కకు జరిగింది.

"తెరవండి, డాక్టరుగారూ."

వకుళ మీట కిందికి లాగింది. గుయ్యిమనే రొద ఆగిపోయింది. ఎర్రటి మసక మామూలు వెలుతురైంది. సగం లేచిన ఆ చెయ్యి చటుక్కున పైకి లేచింది. ఐదేళ్ల తర్వాత అయ్యగారి గొంతు గదిలోంచి నేరుగా, గబగబా, మామూలు మనిషి గొంతులా వినిపించింది:

"...ఎండలో ఎక్కువసేపు నిలబెట్టకుండా తొందరగా ఇళ్లకు చేర్చు తండ్రీ. ఆమేన్!"

ఆమేన్‌కు ఆమేన్ కలపడం అందరూ మరిచిపోయారు.

ఆయన రెండు చేతులా తల పట్టుకుని ముందుకు వాలిపోయాడు. వకుళ ఒక్క అంగలో లోపలికెళ్లి మెడ దగ్గర సూది గుచ్చింది. గోడకున్న స్కానర్ తెర మీద ఆ నాళం ఎర్రటి బుడగలా కొట్టుకుంటోంది. పెరిగింది. ఇంకా పెరిగింది. తబితమ్మ నేల మీద కూర్చుని భర్త పాదాలు పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

బుడగ ఆగింది. ఇంకాసేపటికి అంచులు ముడుచుకున్నాయి. మెల్లగా, మరీ మెల్లగా, చదునైంది.

"అతుక్కుంది" అంది వకుళ. తన గొంతు తనకే వినపడనట్టు మళ్లీ అంది. "అతుక్కుంది!"

అప్పుడు పడింది ఆమేన్, జెకర్యా నోట. గోడకు జారగిలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా అన్నాడు. వెనక జనం అందుకున్నారు. ఐదేళ్లుగా గొంతుల్లో ఆగినదంతా ఒక్కసారిగా బయటపడింది.

ఆ హోరుకు షాలేము అయ్యగారు కళ్లు తెరిచాడు. గాజు అవతలి జనాన్ని చూశాడు. ఇంకా ఎవ్వరూ కదల్లేదని చూసి తృప్తిగా తలాడించాడు. కింద తన కాళ్ల దగ్గర ఎవరో తెల్లజుట్టు మనిషి. మొహం గుర్తుపట్టేలోపు చెయ్యి గుర్తుపట్టాడు.

"ఏం తబితా," అన్నాడు, కాస్త గర్వంగా. "నువ్వు చెప్పినట్టే చిన్నగా ముగించానా లేదా?"