ఇప్పుడే చెప్పలేం

టీవీ స్టేషన్ పార్కింగ్‌లో రెండు తూటాలు పేలాయి. కారు తలుపు తీస్తున్న మనిషి తీస్తున్నట్టే కుప్పకూలాడు. ఎన్నికల విశ్లేషకుల్లో అంత జాగ్రత్తపరుడు మరొకడు లేడు. పొద్దున్నే భార్య టీ ఎలా ఉందని అడిగినా "ఇప్పుడే చెప్పలేం" అనే రకం. ఆ భార్య ఏజెంట్ డేగకు సొంత అక్క.

పోలింగ్ రోజు ఉదయం డేగ చీఫ్ ముందు నిలబడ్డాడు.

"కోపం ఇంట్లో పెట్టి వచ్చావా?"

"లేదు సార్. వెంటే తెచ్చుకున్నాను."

చీఫ్ నిట్టూర్చి బ్రీఫింగ్ మొదలెట్టాడు. "తూర్పు జిల్లాల్లో పోలింగ్ ముందే ముగుస్తుంది. అక్కడ కౌంటింగ్ సాగుతుండగా పడమట జనం ఇంకా క్యూల్లోనే ఉంటారు. పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. అప్పుడే ప్రెసిడెంట్ ఫలానా అని టీవీ ప్రకటించేస్తే?"

"క్యూలు ఖాళీ."

"విదేశీ ముఠాకి కావలసిందదే. ప్రకటన బటన్లు రెండు. ఒకరు నొక్కితే, రెండోవారు నిమిషంలోగా అంకెలు చూపించి కాదనాలి. లేకపోతే ప్రకటన వెళ్ళిపోతుంది. మీ బావ కుర్చీలో ఇవాళ నువ్వు. రెండో కుర్చీలో మేడమ్. ముఠా తన మనిషనుకుంటోంది గాని, ఆవిడ మన ఏజెంటే."

నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలతో డేగ స్టేషన్‌లో అడుగుపెట్టాడు. మేడమ్ ముత్యాల చెవిపోగులు సర్దుకుంటూ నవ్వింది.

"వాన పడేలా ఉంది."

"గొడుగు తెచ్చాను." కోడ్ కలిసింది.

సాయంత్రానికి తూర్పు అంకెలు స్క్రీన్ మీద జోరందుకున్నాయి. ఒక అభ్యర్థి దూసుకుపోతున్నాడు. మేడమ్ చెవిపోగు చిన్నగా బీప్‌మంది. ఆమె వేలు బటన్ మీద పడింది. కౌంట్‌డౌన్ మొదలైంది.

డేగకు తల తిరిగిపోయింది. "ఏంటిది?"

"గెలిచాడుగా. మీరూ నొక్కండి." ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ మొన అతని డొక్కకు తగిలింది. "పార్కింగ్‌లో ఆయన కూడా ఇలాగే మొండికేశాడు."

డేగకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదా మన ఏజెంటు! చీఫ్ జీతం తింటూ అక్క బొట్టు తుడిచేసింది! పీక పిసికేయాలనిపించింది. కానీ పీక పిసికితే కౌంట్‌డౌన్ ఆగదు. అంకెలు కావాలి. భోజనాల దగ్గర బావ చెబుతుంటే తను ఆవలించిన పాఠం గుర్తొచ్చింది. "ప్రతి ఓటరు చేతిలో రెండు బ్యాలట్లు పెడతారోయ్. ఒకటి ప్రెసిడెంట్‌కి, ఒకటి పార్లమెంట్‌కి. ఏ బూత్‌లోనైనా రెండు మొత్తాలూ ఇంచుమించు ఒకటే ఉండాలి."

పార్లమెంట్ స్క్రీన్ వైపు చూశాడు. దొంగ వెధవలు! ప్రెసిడెంట్ అంకెలు ఉబ్బించారు గాని, పార్లమెంట్ సంగతి మరిచారు. ఒకే బూత్‌లో ప్రెసిడెంట్‌కి ఎనిమిది వందల ఓట్లు, పార్లమెంట్‌కి అయిదు వందలు!

విగ్గు పీకి ఆమె మొహాన కొట్టాడు. పిస్టల్ పేలి సీలింగ్ పెచ్చులు రాలాయి. ఎడమచేత్తో ఆమె మణికట్టు మెలిపెడుతూనే కుడిచేత్తో రెండు మొత్తాలూ టైప్ చేసి "కాదు" నొక్కాడు.

కౌంట్‌డౌన్ ఆఖరి సెకనులో ఆగింది.

గార్డులు మేడమ్‌ని ఈడ్చుకెళ్తుంటే, డేగ ఆమె చెవిపోగు పీకి బూటు కింద నలిపాడు. ఏజెన్సీ ఇచ్చిన లేజర్ పెన్ను జేబులోంచి తీయనేలేదు.

ఫోన్ మోగింది. అక్క.

"పడమట క్యూలో ఉన్నాన్రా."

"ఈ దుఃఖంలో ఎందుకక్కా?"

"ఇంట్లో కూర్చుంటే మీ బావ ఊరుకునేవారా? ఇక్కడంతా అయిపోయిందంటున్నారు. ఎవరు గెలుస్తున్నార్రా?"

డేగ బావ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇప్పుడే చెప్పలేం అక్కా."



"నువ్వూ తయారయ్యావూ!" అంటూ అక్క ముక్కు చీదుకుంది. "సరే, పెట్టేస్తున్నా. నా వంతు వచ్చింది."